వాతావరణ సూచన చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: రోహిణి కార్తెలో రాబోయే ఏడు రోజులు

ఉష్ణోగ్రత అంకెను ఒంటరిగా చూడకూడదని, ఆ తేదీకి ఆ ఊళ్ళో ఉండే సాధారణ ఉష్ణోగ్రతతో పోల్చి చూడాలని గత పాఠంలో చెప్పుకున్నాం. మీలో కొందరైనా నోటుపుస్తకంలో పది రోజుల అంకెలు రాసుకొని ఉంటారని నా నమ్మకం. ఆ పుస్తకం ఈసారి కూడా కావాలి. ఇప్పుడు ఏడు రోజుల సూచన చదువుదాం. అది కూడా మే చివరి వారానిది.

ఏడాది మొత్తంలో సూచన చదవడం ఇంత చిక్కుగా ఉండే వారం మరొకటి లేదని నా అభిప్రాయం. రోళ్ళు పగిలే ఎండలని పెద్దలు చెప్పే రోహిణి కార్తె అప్పుడే మొదలవుతుంది. వడగాడ్పుల హెచ్చరిక, పిడుగుల హెచ్చరిక ఒకే రోజున, ఒకే ప్రకటనలో కనిపిస్తాయి. ఇది చూసి చాలామంది “ఏదో ఒకటి చెబుతున్నారు” అని పక్కన పెట్టేస్తారు. అక్కడే పొరపాటు పడతారు. నేల బాగా కాగినప్పుడు వేడిగాలి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ దానికి తోడైతే మధ్యాహ్నం దాటాక మేఘాలు నిలువుగా పెరుగుతాయి. సాయంత్రం గాలివాన కొడుతుంది. మధ్యాహ్నం కాసిన ఎండే ఆ వానకు బలం.

ఇప్పుడు ఒక ప్రకటన చూద్దాం. అభ్యాసం కోసం నేనే రాశాను గానీ, మాటలన్నీ మన వాతావరణ కేంద్రాలు వాడేవే.

“దక్షిణ కోస్తాలో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు ఒకటి లేక రెండు చోట్ల కురిసే అవకాశం ఉంది. ఉరుములు, మెరుపులతో పాటు గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు ఒకటి లేక రెండు చోట్ల వీచే అవకాశం ఉంది.”

దీన్ని ఎక్కడి నుంచి చదవాలి? అందరూ “వర్షాలు” దగ్గర ఆగుతారు. మీరు “చోట్ల” దగ్గర మొదలుపెట్టండి. ఒకటి లేక రెండు చోట్ల అంటే, ఆ ప్రాంతంలో వర్షం కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని అర్థం. కొన్ని చోట్ల అంటే 26 నుంచి 50 శాతం. ఆపైన 51 నుంచి 75 శాతానికి ఒక మాట, 75 దాటితే మరొక మాట ఉంటాయి. పత్రికల్లో శీర్షిక పెట్టేటప్పుడు ముందుగా ఎగిరిపోయేది ఈ “చోట్ల” అన్న మాటే. “కోస్తాకు వర్షాలు” అని మిగులుతుంది. మన ఊళ్ళో చినుకు పడకపోతే సూచన తప్పిందంటాం. నాలుగు ఊళ్ళలో మూడింటికి వాన రాకపోయినా ఆ సూచన నిజమైనట్టే.

తర్వాత వాన ఎంతో చూడాలి. 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు పడితే తేలికపాటి వర్షం, 15.6 నుంచి 64.4 వరకు మోస్తరు, 64.5 నుంచి 115.5 వరకు భారీ. మోస్తరు అన్న మాట చిన్నగా వినిపిస్తుంది కానీ, 60 మిల్లీమీటర్లు గంటలో కురిస్తే వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలవవచ్చు.

ఇక గాలి. ఈ వారంలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒక ఏడాది మా మేనమామ కల్లంలో మొక్కజొన్న ఆరబోసుకొని, “తేలికపాటి వర్షం” అన్న మాట చూసి టార్పాలిన్ పట్టా కప్పి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి ఇంటికి వచ్చాడు. ప్రకటనలో గాలి వేగం ఉంది, కానీ ఆయన అంతవరకు చదవలేదు. వాన పది నిమిషాలే పడింది. దానికి ముందే గాలి పట్టాను లేపి పక్క చేలో పడేసింది. మామిడి తోటలున్నవారికి నేను వేరే చెప్పనక్కర్లేదు. 40 దాటిన అంకె కనిపిస్తే వాన సంగతి తర్వాత, ముందు గాలికి సిద్ధపడండి.

సూచనలో “రోజు” అంటే ఏమిటో కూడా తెలుసుకోవాలి. మన దేశంలో వానను ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు లెక్కిస్తారు. 28వ తేదీ రాత్రి రెండు గంటలకు కురిసిన వాన క్యాలెండరులో 29దే. సూచనలో మాత్రం 28న మొదలైన రోజుకే చెందుతుంది. నోటుపుస్తకంలో ఈ పొరపాటు చేస్తే సరైన సూచన కూడా తప్పుగా కనిపిస్తుంది. నేను మొదటి వేసవంతా ఇలాగే తప్పు లెక్క రాసుకున్నాను.

వేడి దగ్గరికి వద్దాం. ఏడు రోజుల పట్టికలో ఉష్ణోగ్రతకంటే ముందు గాలి దిక్కు వెతకండి. కోస్తాలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే ఉక్కపోత ఉన్నా ఎండ కాస్త అదుపులో ఉంటుంది. పడమటి గాలి బలంగా ఉంటే సముద్రపు గాలి సాయంత్రం దాకా లోపలికి రాలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మనకు వాన అనుకోవడం అలవాటు. అది ఒడిశా, బెంగాల్ వైపు వెళ్ళిపోతే, తేమను తనవైపు లాక్కొని మన మీదికి పొడి పడమటి గాలిని రప్పిస్తుంది. ఆకాశం తేటపడి ఎండ మండుతుంది.

మొదటి రెండు, మూడు రోజుల సూచనను వివరంగా నమ్మండి. అయిదో రోజు నుంచి వేడి పెరుగుతుందా తగ్గుతుందా అన్నంత వరకే తీసుకోండి. రుతుపవనాలు దగ్గరపడే కాలం కదా! కేరళకు అవి చేరే సాధారణ తేదీ జూన్ 1 అయినా, 2023లో జూన్ 8న, 2025లో మే 24న వచ్చాయి. అందుకే సూచనను వారానికి ఒకసారి చదివి వదిలేయకూడదు, రోజూ చదవాలి.

అభ్యాసం: రాబోయే శనివారాన్ని ఎంచుకోండి. ఈ రోజు నుంచి ప్రతి ఉదయం ఆ శనివారానికి ఇచ్చిన సూచనను ఒక వరుసలో రాయండి: చోట్లు, వాన, గాలి, వేడి. ఆదివారం ఉదయం 8.30 తర్వాత, నిజంగా జరిగినది కింద రాయండి. ఏ రోజు నుంచి సూచన మారకుండా నిలబడిందో గుర్తు పెట్టండి.

రెండో లెక్క: రెంటచింతలలో సాధారణం 42 డిగ్రీలు, సూచన 44 అనుకుందాం. మచిలీపట్నంలో సాధారణం 36.5, సూచన 41. మైదానంలో కనీసం 40, తీరంలో కనీసం 37 ఉండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు. 45 తాకితే తేడాతో పని లేదు. ఈ రెండు ఊళ్ళలో వడగాడ్పు ఎక్కడ? జవాబుతో పాటు కారణం కూడా రాసి ఉంచుకోండి. అయిదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.