సిరోంచ తెలుగులో రాజకీయ ర్యాప్ కట్టాలంటే

సిరోంచ అంటే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో తెలుగు వినిపించే తాలూకా. అక్కడ ‘వ్యవస్థ కుళ్లిపోయింది’ అని పాడితే ఎవరికీ కోపం రాదు, ఎమ్మెల్యే కూడా తలూపుతాడు. ‘పంచనామా అయిపోయింది, మరి పైసలు ఏ టేబుల్ మీద ఆగినయి’ అని అడిగి చూడండి (పంచనామా అంటే అధికారులు వచ్చి నష్టం చూసి రాసుకున్న కాగితం), తహసీల్ ఆఫీసులో ఫోన్లు మోగుతాయి. అందుకే బీట్ కంటే ముందు ప్రశ్న వెతుక్కోవాలి. ఒక పాటకు ఒకటే ప్రశ్న. ముంపు, తునికాకు కూలి, రోడ్డు, దవాఖాన అన్నీ ఒకే పాటలో కుక్కితే అది మేనిఫెస్టో అవుతుంది.

ఇక్కడ గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ ముంపునే ఉదాహరణగా తీసుకుందాం. పాటలో పెట్టే అంకె తప్పకూడదు. బ్యారేజీకి 85 గేట్లు, నిల్వ 16.17 టీఎంసీలు, పూర్తి నీటిమట్టం 100 మీటర్లు. ఆ వంద మీటర్లకు తెలంగాణ, మహారాష్ట్ర ఒప్పందం చేసుకున్నది 2016 ఆగస్టు 23న. ఆ బ్యారేజీ ఉన్న కాళేశ్వరం ప్రాజెక్టు ప్రారంభం 2019 జూన్ 21న, బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగింది 2023 అక్టోబరు 21న. తేదీలు సరిగ్గా ఉన్నా కారణం దగ్గర దొరికిపోయేవాళ్లు ఎక్కువ. బ్యారేజీకి ఎగువన చేను మునిగితే అది వెనక్కి ఎగదన్నిన నీళ్ల వల్ల. దిగువన మునిగితే గేట్లు ఎత్తి వదిలిన నీళ్ల వల్ల. ఎగువ ఊరి రైతు బాధ చెబుతూ ‘గేట్లు ఎత్తి ముంచిండ్రు’ అని రాస్తే మొదటి ఇంజనీరే నవ్వి పక్కన పడేస్తాడు. పైగా 2022 జులై లాంటి పెద్ద వరదలో నది ఎంత ముంచింది, కట్టడం ఎంత ముంచింది అన్నది తేలని చోట తేల్చినట్టు పాడొద్దు, ప్రశ్నగా పాడండి.

కాగితాలు చేతిలో ఉండాలి. బాధితుడి సాత్‌బారా (7/12 భూమి రికార్డు), పంచనామా నకలు, ఇచ్చిన నివేదనం (అర్జీ) మీద పడిన ముద్ర. ఇవి లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు చాలు, జవాబుకు గడువు 30 రోజులు. మహారాష్ట్ర నిబంధనల్లో ఒక మెలిక ఉంది: దరఖాస్తు 150 పదాలు దాటొద్దు, ఒకే విషయం ఉండాలి. పాటకు పెట్టుకున్న నియమమే ఇక్కడా పనికొస్తుంది.

ఇక భాష. హైదరాబాదు యాస అరువు తెచ్చుకోకండి. ఒడిశా కోరాపుట్ నుంచి వచ్చి కులం మీద పాడే ర్యాపర్ సుమీత్ సామోస్ గానీ, 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల గోస పాడిన కలహండి దులేశ్వర్ టాండీ గానీ తమ మాటను దాచుకోలేదు. సిరోంచ మాటలో మరాఠీ సర్కారు పదాలు కలిసిపోయి ఉంటాయి. అదే మన పెట్టుబడి. మరాఠీలో ‘భూసంపాదన’ అంటే భూసేకరణ, తెలుగు చెవికి అది భూమి సంపాదించుకోవడం. ‘మీది భూసంపాదన, మరి మా సంపాదన?’ అంటే పంచ్ దానంతటదే పడుతుంది. ‘ఉపోషణ’ అంటే నిరాహార దీక్ష. పోషణ లేక ఉపోషణ అంటే వివరించాల్సిన పనిలేదు. పరిహారాన్ని ‘మోబద్లా’ అంటారు కాబట్టి ‘మోబద్లా అడిగినం, బదులే లేదు.’

కొత్తవాళ్లు ప్రాస కోసం వచ్చిండు, చూసిండు, రాసిండు, పోయిండు అని క్రియలు పేరుస్తారు. అది ప్రాస కాదు, వ్యాకరణం. ప్రతి క్రియా అలాగే ముగుస్తుంది, అందులో మీ గొప్ప ఏముంది? నామవాచకాన్ని నామవాచకంతో కట్టండి. తలాఠికి (ఊరి రెవెన్యూ ఉద్యోగి) లాఠి ఉండనే ఉంది. అయితే ప్రాస కుదిరిందని జరగని లాఠీఛార్జిని మాత్రం రాయొద్దు.

వేగం నిమిషానికి 90 బీట్ల దగ్గర పెట్టుకోండి. తెలుగు మాటలు పొడుగు. 140 వేగంతో నడిచే ట్రాప్ బీట్ మీద ఒత్తులు నలిగిపోయి వినేవాడికి అంకెలు అందవు. 90లో ఒక బార్ (నాలుగు బీట్లు) 2.67 సెకన్లు, అందులో 16 గళ్లు. లఘువుకు ఒక గడి, గురువుకు రెండు. ఈ చరణం చూడండి:

ఎనభైదు గేట్లు – ఎవనికి నీళ్లు?
మునిగిన చేను – ఎవనికి బిల్లు?

మొదటి సగం ఎ-1, న-1, భై-2, దు-1, గే-2, ట్లు-1, మొత్తం 8. ‘ఎవనికి నీళ్లు’ 7, ఊపిరికి 1. బార్ నిండింది. ‘ఎనభై ఐదు’ అని పుస్తకంలా పలికితే రెండు గళ్లు పెరిగి ‘నీళ్లు’లోని ‘ళ్లు’ తర్వాతి బార్‌లోకి జారుతుంది. రెండో పాదంలో ‘చేను’ దగ్గరికి 7 గళ్లే వచ్చాయి. ఎనిమిదోది ఖాళీగా వదిలేయండి, ఆ ఖాళీలో డప్పు దెబ్బ పడాలి. ప్రతి పాదాన్నీ ఇలా కాగితం మీద లెక్కేసి, చేత్తో తొడ మీద తట్టుకుంటూ చదవండి. ఊపిరి గడి లేని పాదాలు నాలుగు వరుసగా వస్తే వేదిక మీద ఆయాసపడతారు.

చరణానికి 16 బార్లు, పల్లవికి 8. రెండు చరణాలు, మూడు పల్లవులు అంటే రెండున్నర నిమిషాలు. అంతకు మించొద్దు.

డప్పు పెట్టేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. చాలా దరువులు తిశ్రంలో నడుస్తాయి, బీటును మూడుగా పంచుతాయి. ర్యాప్ బీట్ నాలుగుగా పంచుతుంది. ఒకదాని మీద ఒకటి పెడితే సంతలో రెండు మైకులు పెట్టినట్టుంటుంది. డప్పు కొట్టేవాళ్లను చతురశ్రంలో కొట్టమని అడగండి. లేదంటే సాఫ్ట్‌వేర్‌లో గ్రిడ్‌ను ట్రిప్లెట్‌కు మార్చి, మీ పాదాలను 12 గళ్లకు తిరగరాయండి. వాళ్ల చెవిలో క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్ చప్పుడు) పెట్టి 4 బార్లు రికార్డు చేయండి. లూపు సరిగ్గా 10.667 సెకన్లు రావాలి. 20 మిల్లీసెకన్లు ఎక్కువైనా 16వ సారి తిరిగేసరికి దాదాపు అర బీటు వెనకబడుతుంది. వానాకాలం తోలు దిగుతుంది కాబట్టి మంట దగ్గరే రికార్డు చేసి, కాచిన ప్రతిసారీ ఒకే శ్రుతికి వచ్చిందో లేదో వినండి. సిర్ర (డప్పు పుల్ల) దెబ్బకు రికార్డింగులో శబ్దం పగలకుండా మైకును మూడడుగుల దూరం పెట్టండి. కొట్టినవాళ్ల పేరు పాట కింద ఉండాలి, డబ్బు ముందే చేతిలో పడాలి. ‘మనోళ్లే కదా’ అని డప్పును ఊరికే వాయించుకోవడం పాత అలవాటు, దాన్ని రాజకీయ పాటలో కొనసాగించడం మరీ అన్యాయం.

యూట్యూబ్‌లో ‘ఫ్రీ బీట్’ అని ఉన్నదానికి సాధారణంగా షరతులుంటాయి. పాట నాలుగు ఊళ్లు తిరిగాక కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. బ్యాండ్‌ల్యాబ్ అనే యాప్‌లో సొంతంగా కట్టుకోవడమే మంచిది.

గొంతు రికార్డింగుకు గది గోడలకు బొంతలు కట్టండి, ఫ్యాన్ ఆపండి. మామూలు గదిలో కండెన్సర్ కంటే డైనమిక్ మైకే మేలు, బయటి మోటారు చప్పుడు తక్కువగా పట్టుకుంటుంది. నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకు పెట్టండి. ప, బ, భ పలికినప్పుడు గాలి తగలదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు, శబ్దం ఆలస్యంగా అందుతుంది, మీరు బీటు వెనక పాడుతున్నా మీకు తెలియదు. రికార్డింగు స్థాయి మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉంచండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే 50 హెర్ట్జ్ రొద చాలావరకు పోతుంది. తర్వాత 90 హెర్ట్జ్ కింద కోసేసి, కంప్రెషన్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించేది) 3:1 పెట్టి, పాదం చివరి మాటలను మాత్రం రెండోసారి పాడి కలపండి. మొత్తం పాటను డబుల్ చేస్తే అంకెలు మసకబారతాయి. 60 హెర్ట్జ్ కింది బేస్ ఫోన్ స్పీకర్లో, ట్రాక్టర్ మీద కట్టిన మైకు హారన్లో వినపడదు. అందుకే పాటను అక్కడ కూడా ఒకసారి విని చూడాలి.

బయటపెట్టే ముందు వకీలు లాంటి కన్నుతో ఒకసారి చదవండి. మనిషి మీద నింద వేస్తే భారతీయ న్యాయ సంహిత 356 పరువునష్టం, వర్గాల మధ్య ద్వేషం అంటే 196. హోదాను, ఉత్తర్వును, తేదీని పట్టుకోండి. మనిషి కులాన్నీ, ఇంట్లోవాళ్లనూ ముట్టుకోకండి. 2023 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోనే రాజకీయ ర్యాప్‌ల మీద కేసులు పడ్డాయి. 2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఒక కవిత మీది ఎఫ్‌ఐఆర్‌ను కొట్టేస్తూ, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న ఇలాంటి ఆరోపణల్లో ముందుగా ప్రాథమిక విచారణ చేయడమే తగునని చెప్పింది. ఆ తీర్పు ప్రతిని ఫోన్లో ఉంచుకోండి. గడ్చిరోలి జిల్లాలో వీడియో తీస్తున్నప్పుడు బయటి ర్యాప్ వీడియోలు చూసి తుపాకీ సైగలు, మావోయిస్టుల వేషంలా కనిపించే పచ్చ యూనిఫాం పెట్టొద్దు. పాట పక్కకుపోయి దానిమీదే చర్చ జరుగుతుంది. చౌరస్తాలో పాడితే రాత్రి 10 తర్వాత మైకు ఉండకూడదు. ముంపు రైతు మొహం చూపేముందు అడగండి, రేపు అతనే ఆ ఆఫీసుకు పోవాలి.

వాట్సాప్‌లో పాటను ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. మరాఠీ సబ్‌టైటిల్స్ తప్పనిసరి, ఎందుకంటే సర్కారు ఫైలు కదిలేది గడ్చిరోలిలో. అయితే ‘భూసంపాదన’ పంచ్ మరాఠీలో చచ్చిపోతుంది, అక్కడ దానికి భూసేకరణ ఒక్కటే అర్థం. ఆ లైనుకు మాట మార్చి ‘త్యాంచం భూసంపాదన్, ఆమచీ కమాయీ కుఠే?’ (వాళ్లది భూసేకరణ, మా సంపాదన ఎక్కడ?) అని వేయండి.