రొమ్ము క్యాన్సర్ ఎముకకు పాకితే: ఏ లక్షణానికి ఏం చేయాలి?

చికిత్స ముగిసి పదేళ్లయ్యాక కూడా రొమ్ము క్యాన్సర్ ఎముకల్లో బయటపడొచ్చు, ముఖ్యంగా హార్మోన్ పాజిటివ్ రకంలో (హార్మోన్ల సాయంతో పెరిగే రకం). వెన్నెముక, తుంటి, పక్కటెముకలు, తొడ ఎముక పైభాగంలో ఎక్కువగా కనిపిస్తుంది.

సమస్య: నడుము నొప్పి పడుకున్నా తగ్గట్లేదు

రొమ్ము క్యాన్సర్‌కు వాడే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అనే హార్మోన్ చికిత్స మాత్రల వల్ల కూడా నొప్పులొస్తాయి. అవి సాధారణంగా రెండు వైపులా వేళ్లలో, మోకాళ్లలో ఉంటాయి; పొద్దున్నే కీళ్లు బిగుసుకుంటాయి. కాబట్టి ప్రతి నొప్పికీ టెన్షన్ వద్దు. ఒకేచోట ఉండి, రాత్రిళ్లు ఎక్కువై, వారాలైనా తగ్గని నొప్పినే అనుమానించాలి.

కారణం: ఎముకను కరిగించేది ప్రధానంగా క్యాన్సర్ కణం కాదు, మన కణాలే. ఎముకలో పాతదాన్ని కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లు, కొత్తది కట్టే ఆస్టియోబ్లాస్ట్‌లు ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. రక్తం ద్వారా వచ్చి చేరిన క్యాన్సర్ కణాలు పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రొటీన్ వదులుతాయి. దాంతో ఆస్టియోబ్లాస్ట్‌ల నుంచి ర్యాంక్‌ఎల్ అనే ఇంకో ప్రొటీన్ ఎక్కువగా వచ్చి, కరిగించే కణాలు రెచ్చిపోతాయి. ఎముక కరిగేకొద్దీ అందులో నిల్వ ఉన్న టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్ బయటికొచ్చి క్యాన్సర్ కణాల చేత ఇంకా ఎక్కువ పీటీహెచ్‌ఆర్‌పీ వదిలిస్తుంది. క్యాన్సర్ కణం విత్తనంలాంటిదని, అది మొలవాలంటే ఎముకలాంటి తగిన నేల ఉండాలని 1889లోనే లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్ గురించి రాశాడు.

పరిష్కారం: మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు, దాన్ని చూసి ఊరుకోకండి. ఎంఆర్‌ఐ, బోన్ స్కాన్ లేదా పెట్ సీటీ, వీలైతే బయాప్సీ అవసరం. అసలు క్యాన్సర్‌కు మందులు వాడుతూనే ఈ వలయాన్ని తెంచడానికి జోలెడ్రోనిక్ యాసిడ్ లేదా డెనోసుమాబ్ ఇంజెక్షన్ ఇస్తారు. డెనోసుమాబ్ నేరుగా ర్యాంక్‌ఎల్‌నే అడ్డుకుంటుంది. ఇవి మొదలుపెట్టే ముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకోవాలి. తర్వాత పన్ను పీకించుకుంటే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదముంది. నొప్పికి రేడియేషన్ బాగా పనిచేస్తుంది, చాలామందికి ఒక్క సిట్టింగ్ చాలు.

సమస్య: కాళ్లు బలహీనపడ్డాయి, తిమ్మిర్లు, మూత్రం ఆగిపోవడం

వెన్నుపాము నొక్కుకుపోతోందని అనుమానం. ఓపీ అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్లండి. స్టెరాయిడ్, ఎంఆర్‌ఐ, ఆపై ఆపరేషన్ లేదా రేడియేషన్. ఆలస్యమైతే పోయిన నడక తిరిగి రాకపోవచ్చు.

సమస్య: విపరీతమైన దాహం, మలబద్ధకం, మగత, తికమక మాటలు

కరిగిన ఎముకలోని కాల్షియం రక్తంలో పెరిగి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు దీన్ని నీరసం అనుకుని కాల్షియం మాత్ర ఇంకోటి వేస్తారు, అదే తప్పు. కాల్షియం మాత్రలు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సెలైన్, జోలెడ్రోనిక్ యాసిడ్‌తో తగ్గిస్తారు.

సమస్య: అడుగు వేస్తే తొడలో పోటు

ఎముక విరగబోతోందేమో. ఆ కాలిమీద బరువు మోపొద్దు. మాలిష్‌లు, నాటు కట్లు అసలే వద్దు. విరగకముందే రాడ్ వేయడం మేలు.

సమస్య: మందు మొదలుపెట్టాక బోన్ స్కాన్‌లో కొత్త మచ్చలు

జబ్బు ముదిరిందనే అనుకోనక్కర్లేదు. మానుతున్న ఎముక కూడా మొదటి కొన్ని నెలలు స్కాన్‌లో మెరుస్తుంది. నొప్పి తగ్గుతుంటే, మందు మార్చేముందు సీటీ చూసి నిర్ణయిద్దామా అని డాక్టర్‌ను అడగండి.