పోలండ్ ప్రాంతాల పేర్లు విప్పడం – 4వ పాఠం: పొద్‌లాశె

క్రితం పాఠంలో పొమొజె చూశాం. 'పొ' అంటే వెంబడి, 'మొజె' అంటే సముద్రం. రెండు ముక్కలుగా విడదీస్తే సరిపోయింది. ఈసారి అదే పద్ధతి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ముందు పటం. కాగితం మీద బుగ్ నదిని, దానికి ఉత్తరాన నారెఫ్‌ను గీయండి. బుగ్ సరిహద్దు వెంట ఉత్తరానికి సాగి పడమటికి తిరుగుతుంది. సరిహద్దును వదిలిన కాసేపటికే కుడి ఒడ్డున మ్యెల్నిక్, దిగువన ద్రొహీచిన్ గుర్తించండి. రెండు నదుల నడుమ బ్యెల్స్క్. పాత పొద్‌లాశె రాష్ట్రంలోని మూడు సీమలకు ఈ ఊళ్లే ముఖ్యపట్టణాలు. 1513లో లిత్వేనియా ఏలుబడిలో ఏర్పడిన ఈ రాష్ట్రం 1569లో పోలండ్ రాజ్యంలో కలిసింది.

నేటి రాష్ట్రపటం చూసి హద్దులు గీస్తే పప్పులో కాలేసినట్టే. 1999లో ఏర్పడిన పొద్‌లాశె రాష్ట్రంలో ఉన్న వొమ్జా ఊరు చరిత్రలో పక్కనున్న మజోవియా ప్రాంతానిది. సొకొవుఫ్ పొద్‌లాస్కి పేరులోనే పొద్‌లాశె ఉన్నా, ఆ ఊరు ఇప్పుడు మజోవియా రాష్ట్రంలో ఉంది.

ఇక పేరు. 'పొద్' అంటే కింద, చేరువన. 'లాస్' అంటే అడవి. పైగా ఈ ప్రాంతంలో బ్యవొవ్యెజా మహారణ్యం ఉండనే ఉంది! అందుకే 'అడవి చెంత' అన్న అర్థం అందరికీ నచ్చుతుంది. పోలిష్ వ్యాకరణమూ అడ్డు చెప్పదు: పేరు చివర చేరిన ప్రత్యయం ముందు 'లాస్'లోని స మెత్తబడి శ అవుతుంది.

పోలిష్ ఒక్కటే చూస్తే విషయం తేలదు, అందుకని పొరుగు భాషలను అడగండి. ఉక్రెయినియన్‌లో పిద్‌ల్యాష్ష్యా. ఆ భాషలో అడవి 'లిస్'. ఈ పేరు అడవి నుంచే పుట్టి ఉంటే అందులో ష వచ్చే దారి లేదు. అదే, తూర్పు స్లావులు (ఉక్రెయినియన్లు, బెలారుసియన్ల వంటివారు) పోలిష్ జనాన్ని పిలిచే 'ల్యాహ్' అనే మాటలోని హ ఇదే ప్రత్యయం ముందు ష అవుతుంది. లిత్వేనియన్‌లో పలెన్‌కె, 'లెన్‌కస్' అంటే పోలిష్ మనిషి, అడవి 'మిష్కస్'. లాటిన్ రూపం పొద్‌లాకియాలోనూ ల్యాహే. అంటే 'పోలిష్ వాళ్ల చేరువ నేల'. తూర్పు నుంచి చూసినవాళ్లు పెట్టిన పేరు ఇది.

స, శ, ష తేడా పుట్టుకతో తెలిసిన మనకు ఈ పరీక్ష సులువే. అయితే మూడింటినీ 'స'గా రాసుకుంటే ఆధారమంతా చెరిగిపోతుంది.

అభ్యాసం: ఆగ్నేయాన ఉన్న పొలెశె. ఉక్రెయినియన్‌లో పొలిస్స్యా, బెలారుసియన్‌లో పలెస్సె. ష కనిపిస్తోందా? అడవా, ల్యాహ్‌లా తేల్చి కారణం రాయండి. జవాబు 5వ పాఠంలో.