“అక్కా, ఒక్క నిమిషం”: టీమ్‌ను నడిపేవాళ్లు ఆఫీసు పనిని ఆఫీసు టైమ్‌లోనే ముగించాలంటే

పొద్దున తొమ్మిదిన్నరకు సీట్లో కూర్చున్నాను, ఎలాగైనా ఈరోజు వచ్చే మూడు నెలల రిలీజ్ ప్లాన్ (సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లు ఎప్పుడెప్పుడు బయటికి వెళ్లాలన్న లెక్క) పూర్తి చేసేయాలని. సాయంత్రం ఆరున్నరకు చూస్తే ఫైల్ అలాగే ఉంది, హెడ్డింగ్ కింద ఒకే ఒక్క లైన్. రోజంతా ఖాళీగా కూర్చున్నది లేదు, టీ కూడా నిలబడే తాగాను, అయినా పని అంగుళం కదల్లేదు. ఇంటికి వెళ్లి, పిల్లలు పడుకున్నాక, రాత్రి పదకొండుకు ల్యాప్‌టాప్ తెరిచి అప్పుడు మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో పద్నాలుగు మంది ఉన్న సాఫ్ట్‌వేర్ టీమ్ నా చేతికి వచ్చిన మొదటి ఏడాదంతా దాదాపు ఇదే వరస. మీదీ ఇదే పరిస్థితి అయితే, కొత్త యాప్ ఏదో డౌన్‌లోడ్ చేసుకునే ముందు ఇది చదవండి.

నాకు అర్థమైంది ఇది. మేనేజర్ టైమ్‌లో ఎక్కువ భాగం తన దాకా రానవసరం లేని ప్రశ్నలకు జవాబు చెప్పడంలో పోతుంది. క్యాలెండర్‌కు ఎన్ని రంగులు వేసి సర్దుకున్నా, ఆ ప్రశ్నలు వచ్చే దారి మారనంతకాలం రోజు మీది కాదు. కాబట్టి ముందు ఆ దారి ఎక్కడుందో చూసుకోవాలి.

వారం రోజులు రాసి చూడండి

ఐదు పని దినాలు చాలు. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్, ఒక పెన్. ఫోన్‌లో రాయొద్దు, రాద్దామని ఫోన్ తీస్తే వాట్సాప్‌లో ఇంకో రెండు మెసేజ్‌లు కనబడి అటే వెళ్లిపోతారు. ఎవరైనా మీ పని ఆపినప్పుడల్లా టైమ్, విషయం రెండు ముక్కల్లో రాసుకోండి. పేర్లు రాయకండి. ఎందుకు రాస్తున్నారో టీమ్‌కు ముందే చెప్పండి, లేకపోతే మేడం మన మీద ఏదో నోట్ చేసుకుంటోందని టెన్షన్ పడతారు.

నా నోట్‌బుక్‌లో ఒక మంగళవారం ఇలా ఉంది: “10:12 టెస్ట్ సర్వర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర. 10:31 శుక్రవారం లీవ్. 10:40 క్లయింట్‌కు మెయిల్, పంపే ముందు చూడమని. 10:44 అదే మెయిల్, అటాచ్‌మెంట్ మార్చి మళ్లీ. 11:05 కొత్తబ్బాయికి ల్యాప్‌టాప్ రాలేదు. 11:20 రెండు డిజైన్లలో ఏది.” గంటా ఎనిమిది నిమిషాల్లో ఆరుసార్లు “అక్కా, ఒక్క నిమిషం”. నిజం చెప్పాలంటే ఎవరూ ఎక్కువసేపు తీసుకోలేదు, ఒక్కొక్కరు ఒకటో రెండో నిమిషాలే. కానీ నేను ప్లాన్‌లో ఎక్కడ ఆగానో వెతుక్కుని మళ్లీ అందులో పడేలోపే ఇంకొకరు కుర్చీ వెనక నిలబడేవారు. శుక్రవారం సాయంత్రానికి నాలుగు పేజీలు నిండాయి. ఒక్కొక్క దాని దగ్గర ఆగి “ఇది నేనే చెప్పాలా?” అని ఆలోచించి టిక్ పెడుతూ పోతే, టిక్‌లు రెండు చేతుల వేళ్లు దాటలేదు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే ప్రతిదానికీ నా దగ్గరకు రావడం వాళ్లకు అలవాటు చేసింది నేనే.

ఆ పేజీలను మూడు కుప్పలు చేయండి

మొదటిది సమాచారం. పాస్‌వర్డ్ ఎవరిస్తారు, ల్యాప్‌టాప్ కోసం టికెట్ (రిక్వెస్ట్) ఎక్కడ వేయాలి, క్లయింట్ సెలవుల లిస్టు ఏ ఫోల్డర్‌లో ఉంది. వీటన్నిటికీ “ఏది ఎవరిని అడగాలి” అని ఒకే ఒక్క పేజీ తయారుచేసి టీమ్ చానెల్‌లో పైన పిన్ చేయండి. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయకండి, అవి ఎవరిస్తారో ఆ పేరు చాలు. ఆ పేజీలో లేనిది ఎవరైనా అడిగితే జవాబు చెప్పండి, చెప్పి, “ఇది నువ్వే అందులో ఎక్కించు” అనండి. పేజీ దానంతటదే పెరుగుతుంది.

రెండోది అనుమతి, అసలు టైమ్ పోయేది ఇక్కడే. ఈ మెయిల్ పంపొచ్చా, ఈ చిన్న మార్పు చేసేయొచ్చా, ఫలానా అతన్ని ఈ కాల్‌కు పిలవొచ్చా. వీళ్లకు జవాబు తెలియక కాదు, తప్పయితే ఎవరు మాట పడాలన్న భయంతో అడుగుతారు. ఆ భయం తీర్చకుండా “మీరే చూసుకోండి” అంటే మాటవరసకు అన్నట్టే ఉంటుంది, మర్నాడు మళ్లీ వస్తారు. అందుకే హద్దు గీసి చెప్పాలి. నేను చెప్పిన మాటలు యథాతథంగా ఇవి: “క్లయింట్‌కు ఇచ్చిన తేదీ మారదు, అదనంగా డబ్బు ఖర్చు కాదు, తేడా వస్తే వెనక్కి తీసుకోవచ్చు. ఈ మూడూ నిజమైతే నన్ను అడక్కండి, చేసేసి సాయంత్రం ఒక లైన్ రాయండి. మూడింట్లో ఒక్కటి అనుమానంగా ఉన్నా రండి.”

చెప్పడం తేలిక, నిలబడటమే కష్టం. ఇలా చెప్పిన రెండో వారమే మా టీమ్‌లో ఒకమ్మాయి క్లయింట్‌కు పాత రిపోర్ట్ అటాచ్ చేసి పంపేసింది. అరగంటలో తనే చూసుకుని, సారీ చెప్పి, సరైనది పంపింది. నాకు మాత్రం చేతులు ఆగలేదు, ఇకమీదట మెయిల్స్ అన్నీ నాకు చూపించి పంపండి అని గ్రూప్‌లో పెడదామని టైప్ కూడా చేశాను. చేసి, తీసేశాను. ఒక్కరి పొరపాటుకు పద్నాలుగు మంది చేతులు కట్టేస్తే మళ్లీ మొదటికే వస్తాం. ఆ అమ్మాయినే పిలిచి “మళ్లీ ఇలా జరక్కుండా ఏం చేద్దాం?” అని అడిగితే, రిపోర్ట్ ఫైల్ పేరులో తేదీ పెడదామని తనే చెప్పింది, ఇప్పటికీ టీమ్ అంతా అలాగే పెడుతోంది. మీరు హద్దు గీసిన మొదటి నెలలో ఇలాంటిది ఒకటి తప్పకుండా జరుగుతుంది. ఆ రోజు మీరేం చేస్తారో టీమ్ అంతా చూస్తుంది, దాన్ని బట్టే మీ మాటను నమ్మాలా వద్దా అని తేల్చుకుంటుంది.

మూడోది నిర్ణయం, రెండు డిజైన్లలో ఏది అనేటువంటివి. ఇవి నిజంగా మీవే. కాకపోతే “ఏం చేయమంటారు?” అని కాకుండా “నేను ఇది చేద్దామనుకుంటున్నాను, కారణం ఇది” అంటూ రమ్మనండి. అలా వచ్చినవాటిలో చాలావాటికి “సరే, చెయ్యి” అన్న ఒక్క మాట సరిపోతుంది. పైగా మీరు సెలవులో ఉన్నప్పుడు ఎవరికి ఏది అప్పగించొచ్చో కూడా ఈ మాటల్లోనే తెలిసిపోతుంది.

మీరు ఎప్పుడు దొరుకుతారో చెప్పండి

ఎప్పుడంటే అప్పుడు దొరికే మనిషిని ఎప్పుడంటే అప్పుడే అడుగుతారు. నేను 11:30 నుంచి 12, మళ్లీ 4:30 నుంచి 5 అని పెట్టుకున్నాను. ఆ టైమ్‌లో ల్యాప్‌టాప్ మూసేసి కూర్చుంటాను, ఎవరైనా రావచ్చు. క్లయింట్ వాడుతున్న లైవ్ సిస్టమ్ ఆగిపోతే, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే, ఇంట్లో ఏదైనా అయితే మాత్రం టైమ్ చూడొద్దని చెప్పాను. మొదటి రెండు వారాలు జనం మర్చిపోయి వస్తారు. కసురుకోకండి, “పదకొండున్నరకు కూర్చుందామా?” అని నవ్వుతూ అనండి చాలు. అప్పటికి సగం ప్రశ్నలు వాళ్లే తేల్చుకుని ఉంటారు.

దీనివల్ల పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా రెండు గంటలు మిగులుతాయి. అందులో ఏం చేయాలన్నది ఇంకో ప్రశ్న. 1954లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇల్లినాయ్‌లోని ఇవాన్‌స్టన్‌లో మాట్లాడుతూ, ఒక మాజీ కాలేజీ ప్రెసిడెంట్ అన్న మాట అంటూ, సమస్యలు అర్జంట్‌వి, ముఖ్యమైనవి అని రెండు రకాలని, అర్జంట్‌వి ముఖ్యం కావని, ముఖ్యమైనవి ఎప్పుడూ అర్జంట్ కావని చెప్పారు. ఆఫీసు ట్రైనింగ్‌లలో ఆయన పేరు మీద, పనులను అర్జంటా కాదా, ముఖ్యమా కాదా అని విడగొట్టే నాలుగు గదుల పెట్టె గీసి చూపిస్తుంటారు. ఆ పెట్టె నాకు పెద్దగా పనికిరాలేదు, తలమునకలుగా ఉన్నప్పుడు అన్ని పనులూ “అర్జంట్, ముఖ్యం” గదిలోనే పడతాయి. కానీ ఆ రెండో మాట మాత్రం నిజం. అందుకే నేను ఇలా చూస్తాను: ఈ పని నెల రోజులు ముట్టుకోకపోతే ఎవరూ వచ్చి అడగరు, కానీ మూడు నెలల తర్వాత దెబ్బ తగులుతుంది. అలాంటిదే పొద్దున్నే చేయాల్సిన పని. రిలీజ్ ప్లాన్ అలాంటిది. సాఫ్ట్‌వేర్‌లో ఒకే మనిషికి తెలిసిన భాగాన్ని, అంటే ఆ మాడ్యూల్‌ను రెండో మనిషికి నేర్పించే ఏర్పాటు అలాంటిది. మెయిల్స్‌కు జవాబులు అలాంటివి కావు, అవి మధ్యాహ్నం భోజనం అయ్యాక మగతగా ఉన్నప్పుడు కూడా రాసేయొచ్చు.

మీటింగ్‌ల గురించి అందరూ చెప్పేదే కాబట్టి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను. ఎనిమిది మందిని గంట కూర్చోబెడితే ఒక మనిషి పూర్తి రోజు పని ఖర్చయినట్టు. ఎవరేం చేశారో చెప్పుకోవడానికే అయితే పొద్దున రెండు లైన్లు రాయించండి, కూర్చోవాల్సింది ఏదైనా తేల్చాల్సి ఉన్నప్పుడే. ఏం తేల్చాలో ఇన్విటేషన్‌లో ఒక వాక్యంగా రాయలేకపోతే ఆ మీటింగ్ ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

రాత్రి కాల్స్ ఉన్నవాళ్లకు

అమెరికా క్లయింట్‌తో పనిచేసేవాళ్లకు బయట దొరికే టైమ్ మేనేజ్‌మెంట్ సలహాలు సగం పనికిరావు. పొద్దున ఐదింటికి లేవమంటారు, మన కాల్ అయ్యేదే రాత్రి పదకొండుకు. ముందు గడియారం లెక్క చూసుకోండి. న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా మనకు సాయంత్రం 6:30, మిగతా నెలల్లో 7:30. కాలిఫోర్నియాలో 9 అంటే రాత్రి 9:30, చలికాలంలో 10:30. అంటే మన ప్రమేయం లేకుండానే నవంబర్‌లో ప్రతి కాల్ ఒక గంట ఆలస్యమై మన నిద్ర మీద పడుతుంది. అక్టోబర్ మధ్యలోనే క్లయింట్ మేనేజర్‌తో మాట్లాడండి. అక్కడివాళ్లలో చాలామందికి ఈ తేడా మనకు ఇంత ఇబ్బంది అని తెలియదు. కాలిఫోర్నియా వాళ్లను పొద్దున 7:30కు కూర్చోగలరా అని అడిగితే మనకు వేసవిలో రాత్రి 8, చలికాలంలో 9 అవుతుంది. నేను అడగడానికే ఏడాదిన్నర మొహమాటపడ్డాను, అడిగితే ఒక్క మెయిల్‌లో ఒప్పుకున్నారు.

రెండోది, సాయంత్రం ఆరుకు క్లయింట్ వైపువాళ్లకు హ్యాండోవర్ నోట్ పంపండి. ఏం అయింది, ఏం ఆగింది, మీ నుంచి మాకు ఏం కావాలి, ఎప్పటికి. నాలుగు లైన్లు మించొద్దు. ఇది బాగా రాస్తే వారానికి ఐదు కాల్స్ మూడుకు, తర్వాత రెండుకు దిగుతాయి. ఆ రెండింటికీ కూడా మీరే వెళ్లనక్కర్లేదు, సీనియర్లతో వంతులు వేసుకోండి. రాత్రి కాల్ ఉన్నవాళ్లు మర్నాడు పదకొండుకు వస్తారని టీమ్ క్యాలెండర్‌లో రాసిపెట్టండి, మీ పేరు పక్కన కూడా. మీరు రాత్రి పన్నెండు దాకా మాట్లాడి పొద్దున తొమ్మిదికే ప్రత్యక్షమైతే మిగతావాళ్లు పదకొండుకు రావడానికి జంకుతారు.

అలాగే, రాత్రి తోచిన విషయాన్ని రాత్రే గ్రూప్‌లో పెట్టకండి. జవాబు రేపు ఇచ్చినా చాలని మీకు తెలుసు, చదివినవాళ్లకు తెలియదు. పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్లేలా షెడ్యూల్ చేసి పడుకోండి.

వాయిదా వేయకూడని అరగంట

టైమ్ చాలనప్పుడు మనం మొదట కోసేది టీమ్‌లో ఒక్కొక్కరితో విడిగా కూర్చునే ఆ అరగంటనే. ఎందుకంటే అది వాయిదా పడితే ఎవరూ గొడవ చేయరు. మా టీమ్‌లో అందరికంటే బాగా పనిచేసే అబ్బాయితో కూర్చోవాల్సిన అరగంటను వరుసగా మూడుసార్లు వాయిదా వేశాను, ఒకసారి క్లయింట్ ఎస్కలేషన్ (పైవాళ్ల దాకా వెళ్లిన ఫిర్యాదు), ఒకసారి పైవాళ్ల రివ్యూ, ఒకసారి ఏమిటో గుర్తు కూడా లేదు. నాలుగో వారం తనే కాన్ఫరెన్స్ రూమ్‌కు పిలిచి రాజీనామా చేస్తున్నానని చెప్పాడు. “మూడు నెలల నుంచి చెబుదామనుకుంటున్నా అక్కా, నువ్వు బిజీగా ఉన్నావని ఆగాను” అన్నాడు. నాన్నకు ఆరోగ్యం బాగోలేదు, విజయవాడ నుంచి పనిచేసే వీలుంటుందా అని అడగాలనుకున్నాడట. వీలుండేది. అప్పటికే ఇంకోచోట సంతకం పెట్టేశాడు. అతని పని ఇంకొకరికి నేర్పించి గాడిన పెట్టడానికి ఐదు నెలలు పట్టింది.

ఇప్పుడు నా క్యాలెండర్‌లో ముందు ఎక్కేవి ఆ అరగంటలే, రోజుకు రెండు చొప్పున, రెండు వారాల్లో పద్నాలుగు మందీ అయిపోతారు. పైవాళ్ల రివ్యూ వచ్చి పడితే అదే రోజు సాయంత్రానికి మారుస్తాను, మరుసటి వారానికి నెట్టను. ల్యాప్‌టాప్ తీసుకెళ్లను. పని సంగతి వాళ్లు ఎత్తితే మాట్లాడతాం, లేకపోతే లేదు. కానీ లేచే ముందు మాత్రం “నన్ను అడుగుదామనుకుని ఆగిపోయింది ఏమైనా ఉందా?” అని ప్రతిసారీ అడుగుతాను, అడిగి కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాను.