ఎండలు ముదరకముందే పాత ల్యాప్‌టాప్ విప్పండి: ర్యామ్, ఫ్యాన్, పేస్ట్ పనుల్లో జాగ్రత్తలు

మహారాష్ట్రలోని చాందా (చంద్రపూర్), బల్లార్షా, రాజురా, ఘుగ్గుస్ వైపు ఉండేవాళ్లకు మే నెల ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. నీడలో 45 డిగ్రీలు దాటినా ఇక్కడ అది వార్త కాదు. ల్యాప్‌టాప్ కంపెనీలు మాత్రం చాలావరకు 35 డిగ్రీల గదిని హద్దుగా పెట్టుకుని మెషీన్లు చేస్తాయి. ఏప్రిల్ మొదలు తొలకరి దాకా మధ్యాహ్నం పూట మన ఇళ్లలో ల్యాప్‌టాప్ ఆ హద్దు దాటే పనిచేస్తుంది. కొత్తదైతే ఓర్చుకుంటుంది. ఆరేడేళ్ల పాతదైతే లోపల ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే పేస్ట్ ఎండి, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని ఉంటుంది. రోహిణి కార్తె వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. పక్కింటి మరాఠీవాళ్లు నవతపా అనేదీ ఆ రోజులనే.

అందుకే ఈ పని హోళీలోపే ముగించండి. ర్యామ్ (తాత్కాలిక మెమరీ) పెంచడం, చల్లదనం పని రెండూ ఒకే విప్పులో చేయండి. దీనికి కారణం ఉంది. ర్యామ్ చాలనప్పుడు ప్రాసెసర్ సగం సమయం డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉంటుంది. ర్యామ్ పెరిగాక దానికి పని నిండుగా అందుతుంది, వేడీ పెరుగుతుంది. ర్యామ్ మార్చాక ల్యాప్‌టాప్ వేడెక్కుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు కొత్త ర్యామ్ తప్పు ఉండదు. పైగా పాత ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుబారి ఉంటాయి, విప్పిన ప్రతిసారీ ఒకటో రెండో విరుగుతాయి.

ముందు మే నెల లెక్క వేయండి

ఫిబ్రవరిలో బాగానే నడుస్తోంది కదా అని మోసపోకండి. గదిలో ఎన్ని డిగ్రీలుందో రాసుకోండి. హెచ్‌డబ్ల్యూ మానిటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ఇరవై నిమిషాలు బరువైన పని పెట్టి, ప్రాసెసర్ గరిష్ఠంగా ఎంతకు చేరిందో చూడండి. గది 26, ప్రాసెసర్ 80 అనుకుందాం. తేడా 54. అదే పని 44 డిగ్రీల గదిలో చేస్తే 98. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి హద్దు 100, కొన్నింటికి 105. ఆ హద్దుకు చేరగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వేసవిలో హ్యాంగ్ అవుతోంది అని మనం అనేది చాలాసార్లు ఇదే. అప్పటికీ వేడి తగ్గకపోతే మెషీన్ ఒక్కసారిగా ఆరిపోతుంది. ఈ లెక్క 90 దాటిందంటే పేస్ట్, ఫ్యాన్ పని వాయిదా వేయొద్దు.

ర్యామ్ కొనేముందు

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. నాగపూర్ నుంచో సికింద్రాబాద్ నుంచో తెచ్చుకున్న ర్యామ్‌ని మళ్లీ రైలెక్కి వెళ్లి మార్చుకోవడం ఎవరివల్లా కాదు.

మొదట స్లాట్లు, అంటే ర్యామ్ గుచ్చే చోట్లు చూడండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో కనిపిస్తుంది. ఆ అంకెను పూర్తిగా నమ్మొద్దు. బోర్డుకే అతికించిన ర్యామ్‌నీ కొన్ని మోడళ్లు స్లాటుగానే చూపిస్తాయి. వెనక మూత తీసి కళ్లతో చూశాకే కొనండి.

తర్వాత రకం. ప్రాసెసర్ పేరులో ఐ5-4210 అని ఉంటే ముందున్న 4 దాని తరం. రెండో తరానికి 1.5 వోల్టుల డీడీఆర్3 రకం ర్యామ్. మూడో తరానికి అదీ సరిపోతుంది, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కూడా సరిపోతుంది. నాలుగు, ఐదు తరాలకు డీడీఆర్3ఎల్ మాత్రమే. ఆరో తరంలో డీడీఆర్3ఎల్ బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి కాబట్టి పాత ర్యామ్ మీది లేబుల్ చూడకుండా అడుగు వేయొద్దు. లేబుల్ మీద పీసీ3 తర్వాత ఎల్ అక్షరం ఉంటేనే అది తక్కువ వోల్టేజీది. ఆ ఒక్క అక్షరం లేని ర్యామ్‌ని నాలుగో తరం మెషీన్‌లో పెడితే తెర నల్లగానే ఉండిపోవచ్చు. దుకాణంలో అన్నీ ఒకటే అంటే నమ్మకండి. డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260. గాడి ఉండే చోటు కూడా వేరు. ఒకదాని స్లాటులో ఇంకొకటి పట్టదు, బలవంతం చేస్తే స్లాటే పోతుంది.

నాలుగో తరం దాకా ఒక్కో స్లాటుకు 8 జీబీయే హద్దు. 16 జీబీ ముక్క చవగ్గా దొరికినా ఆ మెషీన్ దాన్ని గుర్తించదు. వేగం వేరైన రెండు ముక్కలు పెడితే రెండూ తక్కువ వేగానికే నడుస్తాయి. అందులో ప్రమాదం లేదు. ఒకే 8 కంటే రెండు 4లు మేలు, రెండు దారుల్లో డేటా నడుస్తుంది కాబట్టి. 32 బిట్ విండోస్ వాడుతున్నవాళ్లు ముందు దాన్ని మార్చుకోవాలి. అది 4 జీబీ మించి వాడుకోలేదు.

విప్పేటప్పుడు

మన ఎండకాలపు పొడిగాలి స్థిర విద్యుత్తుకు పండగ. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, నూలువి వేసుకోండి. బండను తడిగుడ్డతో తుడిచి కూర్చోండి. ర్యామ్ ముట్టుకునే ముందు కిటికీ ఊచనో ఇనుప కుళాయినో తాకండి. ఇనుప కూలర్‌ని మాత్రం తాకొద్దు. ఇక్కడ సగం కూలర్లకు ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, షాక్ కొట్టిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

షట్‌డౌన్ నొక్కేటప్పుడు షిఫ్ట్ పట్టుకోండి, అప్పుడే పూర్తిగా ఆరుతుంది. చార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటిదైతే ఊడదీయండి. లోపలిదైతే మూత తీయగానే మొదట దాని కనెక్టర్ ఊడదీసి, తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే పని అక్కడితో ఆపండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా అనుమానించాల్సింది దాన్నే. దాన్ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తొద్దు, గుచ్చుకుంటే మంటలు లేస్తాయి.

స్క్రూల పొడవులు వేరువేరుగా ఉంటాయి. అట్టముక్క మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. చిన్నదాని చోట పొడవుది బిగిస్తే పైన కీబోర్డు పక్క ప్లాస్టిక్ మొటిమలా లేస్తుంది.

దుమ్ము

గనులు, థర్మల్ కేంద్రం దగ్గర ఉండేవాళ్లకు ఒక మాట. మీ ఫ్యాన్‌లో ఉన్నది మామూలు మట్టి దుమ్ము కాదు, అందులో బొగ్గు పొడి ఉంటుంది. తేమ తగిలితే దాని గుండా విద్యుత్తు పారగలదు. తడిగుడ్డ పెడితే అది బోర్డు మీద ముద్దలా అంటుకుంటుంది. పొడి పెయింట్ బ్రష్‌తో బోర్డు నుంచి బయటికి ఊడ్చండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ నోరు బోర్డు దగ్గరికి రానివ్వొద్దు, స్థిర విద్యుత్తు పుడుతుంది.

అసలు అడ్డం ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య ఉంటుంది. అక్కడ దుమ్ము గోనెపట్టలా అల్లుకుంటుంది. బయటి నుంచి గాలి కొడితే అది ఇంకా లోపలికి దూరుతుంది. ఫ్యాన్ విప్పి, ఆ పట్టను పటకారుతో లాగేయాలి. గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. వదిలేస్తే అది హద్దు మించిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఫ్యాన్ గరగరమంటుంటే కుట్టుమిషన్ నూనె చుక్కతో కొన్ని వారాలు గడుస్తుంది, అంతే. స్టిక్కర్ మీది పార్ట్ నంబరు పెట్టి కొత్తది తెప్పించుకోండి.

పేస్ట్

హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు భాగం) స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని ఉంటుంది. ఆ వరుసలోనే కొంచెం కొంచెంగా వదులు చేయాలి, తిరిగి బిగించేటప్పుడూ అంతే. ఒకే మూల గట్టిగా బిగిస్తే చిప్పు అంచు చిట్లుతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి పైన లోహపు టోపీ ఉండదు, గాజులాంటి సిలికానే నేరుగా ఆనుతుంది.

పాత పేస్ట్ తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ రిపేర్ దుకాణంలో ఐపీఏ అని అడగండి. చేతుల శానిటైజర్ వద్దు, అందులోని జిగురు పొరగా మిగిలిపోతుంది. కొత్త పేస్ట్ కందిగింజలో సగమంత చాలు. కానీ చిప్పు ఉపరితలమంతా పలచగా పరవాలి. ఒక మూల వదిలినా అక్కడ వేడి నిలుస్తుంది. మరీ పలచగా జారే పేస్టులు కొనొద్దు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా పక్కలకు జరిగిపోతాయి, మన ఎండల్లో ఇంకా త్వరగా.

పేస్ట్‌కి బదులు పీటీఎం7950 అనే షీట్ ఈ మధ్య బాగా వాడుతున్నారు. పాత మెషీన్లకు నిజంగా మంచిదే, పక్కలకు జరగదు. అయితే అది 45 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం కత్తిరించబోతే చేతికే అంటుకుంటుంది. పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే ఆ పని చేసుకోండి. పేస్ట్‌కి బదులు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవలోహం) జోలికి మాత్రం పోవద్దు. అల్యూమినియం తగిలితే తినేస్తుంది, బోర్డు మీద ఒలికితే షార్ట్ అవుతుంది.

పక్కనున్న చిప్పుల మీద రబ్బరులాంటి థర్మల్ ప్యాడ్లుంటే మందం కొలవండి. అర మిల్లీమీటరు ఉన్నచోట ఒక మిల్లీమీటరుది పెడితే హీట్‌సింక్ పైకి లేచి ప్రాసెసర్‌కి ఆనదు. వేడి మునుపటికంటే పెరుగుతుంది.

ర్యామ్ పెట్టాక

ముప్పై డిగ్రీల వాలుగా గుచ్చి, బంగారు గీతలు దాదాపు కనపడనంత లోపలికి దిగాకే కిందికి నొక్కండి. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. మొదటిసారి ఆన్ చేస్తే నిమిషం దాకా తెర నల్లగా ఉండొచ్చు, కంగారుపడి ఆపేయకండి. అప్పటికీ రాకపోతే ఒక్కో ముక్కనే పెట్టి, ఒక్కో స్లాటులో చూడండి.

రాత్రికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోండి. నాలుగు రౌండ్లలో ఒక్క తప్పు వచ్చినా ఆ ర్యామ్ వాపసు చేయాల్సిందే. కుదిరితే వారంటీ లోపలే మధ్యాహ్నం వేడిలో ఇంకోసారి నడపండి. ర్యామ్ చిప్పులు 85 డిగ్రీలు దాటితే లోపలి డేటాను రెట్టింపు సార్లు తాజా చేసుకోవాల్సి వస్తుంది. బలహీనమైన చిప్పులు అక్కడే బయటపడతాయి.

ఎండలు మొదలయ్యాక

కూలర్ మన పొడి ఎండకు బాగా పనిచేస్తుంది, కానీ ల్యాప్‌టాప్‌ని దాని ముఖానికి ఎదురుగా పెట్టొద్దు. గడ్డి నుంచి ఎగిరే తుంపర ఆరాక తెల్లటి ఉప్పు మిగులుతుంది, కనెక్టర్లలో పచ్చదనం పట్టేది దానివల్లే. పక్కగా జరిపి, ల్యాప్‌టాప్ వెనక అంచు కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తండి.

విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 నుంచి 99కి తగ్గిస్తే టర్బో, అంటే ప్రాసెసర్ అప్పుడప్పుడు అందుకునే అదనపు వేగం, ఆగిపోతుంది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది కానీ వేడి బాగా తగ్గుతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నాలకు ఇది చాలు, సాయంత్రం మళ్లీ 100 పెట్టుకోవచ్చు. చార్జింగ్ మాత్రం తెల్లవారుజామునో రాత్రో పెట్టుకోండి. లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, మే మధ్యాహ్నం గది దాదాపు అక్కడే ఉంటుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో 80 శాతం దగ్గర ఆపే వీలుంటే ఆన్ చేయండి.

జూన్‌లో మొదటి వాన పడ్డాక కిటికీలు మూసి కూలర్ వేసిన గదిలో ల్యాప్‌టాప్ వదలొద్దు. అప్పటికి గాలి తడిబారి ఉంటుంది, కూలర్ చల్లబరచకపోగా ఇంకా తేమ కలుపుతుంది.