వీగన్ డెజర్ట్‌కి కొబ్బరి క్రీమ్ టిన్ కొనే ముందు చూసుకోవాల్సినవి

▪ ముందు పేరు సరిగ్గా చదవండి. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ప్రకారం కొబ్బరి క్రీమ్‌లో కొవ్వు కనీసం 20 శాతం ఉండాలి. కొబ్బరి పాలలో 10, లైట్ రకంలో 5 ఉంటే చాలు. ‘క్రీమ్ ఆఫ్ కోకోనట్’ అంటే కాక్‌టెయిల్స్‌లో వాడే చక్కెర కలిపినది, దాని జోలికే పోవద్దు.

▪ పదార్థాల జాబితాలో సోడియం కేసినేట్ కనిపిస్తే అది పాల ప్రోటీన్, వీగన్ కాదు. కొబ్బరి పాల పొడిలో ఇది ఎక్కువగా తగులుతుంది.

▪ గ్వార్ గమ్, పాలీసార్బేట్ 60 లాంటివి కొవ్వునీ నీళ్లనీ విడిపోనివ్వవు. గిలక్కొట్టి నురగలా చేయాలంటే ఇదే చిక్కు: రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా పైన గట్టి పొర కట్టకపోవచ్చు. దానికి కొబ్బరి, నీళ్లు మాత్రమే ఉన్న టిన్ తీసుకోండి. ఐస్‌క్రీమ్‌కో గనాష్‌కో (చాక్లెట్, క్రీమ్ కలిపిన మిశ్రమం) అయితే గమ్ ఉన్నదే నయం, త్వరగా విరగదు.

▪ ఉబ్బిన టిన్, అతుకు దగ్గర సొట్టపడిన టిన్ వద్దు.

▪ వాడే ముందు 12 గంటలు ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచండి. ఫ్రీజర్‌లో వద్దు, కరిగాక పలుకులు తేలుతుంది. తెరిచాక పైన గట్టిగా ఉన్నదే చెంచాతో తీసుకోండి, అడుగు నీళ్లు పారబోయకండి. గిన్నె కూడా చల్లగా ఉండాలి. గిలక్కొడుతుంటే మరీ బిగుసుకుపోతే ఆ నీళ్లే ఒక చెంచా కలిపితే సర్దుకుంటుంది. ఒక టిన్ ఎక్కువే కొనండి. ఒకే బ్రాండ్‌లో కూడా అన్నీ ఒకేలా గట్టిపడవు.