గేరు పడకపోతే ఎక్కడ వెతకాలి? క్లచ్ సమస్యలు పట్టుకునే పద్ధతి

గేరు పడటం లేదనగానే అందరి అనుమానమూ గేర్‌బాక్సు మీదకే పోతుంది. చాలాసార్లు తప్పు ఎడమ కాలి కింద ఉంటుంది. షెడ్డుకు తీసుకెళ్తే ‘క్లచ్ సెట్టు (ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు) పోయింది’ అని ఒక్క మాటలో తేల్చేవాళ్లున్నారు. ఆ పని చేయాలంటే గేర్‌బాక్సు మొత్తం కిందికి దించాలి. సామాను ఖరీదుకు తోడు కూలీ గట్టిగానే పడుతుంది. అంత దూరం వెళ్లే ముందు ఇంటి ముందే పది నిమిషాల్లో చేసుకోగల పరీక్షలున్నాయి. దయచేసి అవి చేసి చూడండి.

ముందు లోపల జరిగే పని కొంచెం తెలియాలి. ఇంజనుతో పాటు తిరిగే ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు బిగుసుకుని ఉంటుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు జరిగి ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగును నొక్కుతుంది, ప్లేటు మీద పట్టు వదులుతుంది. కాబట్టి క్లచ్‌కు వచ్చే పెద్ద జబ్బులు రెండే: వదలవలసినప్పుడు వదలకపోవడం, పట్టవలసినప్పుడు పట్టకపోవడం. మొదటి దాంట్లో గేరు పడదు. రెండో దాంట్లో గేరు పడుతుంది కానీ బండి లాగదు.

గేరు గట్టిగా పడుతోంది, లేదా అసలు పడటం లేదు

ఇంజను ఆపి, క్లచ్ తొక్కి, గేర్లన్నీ వరుసగా వేసి చూడండి. ఏదైనా అడ్డుపడితే కారును అంగుళం ముందుకు కదిపి మళ్లీ వేయండి, ఒక్కోసారి పళ్లకు పళ్లు ఎదురుపడి ఆగుతాయి. అన్నీ సాఫీగా పడుతూ, ఇంజను నడుస్తున్నప్పుడే మొరాయిస్తుంటే క్లచ్ పూర్తిగా వదలడం లేదని అర్థం. ఇంజను ఆపినా గట్టిగానే ఉంటే గేరు రాడ్డు నుంచి గేర్‌బాక్సుకు వెళ్లే కేబుళ్లు, వాటి చివర బుష్‌లు చూడాలి. అవి బాగుంటేనే గేర్‌బాక్సు లోపలి సంగతి.

ఈ నిర్ధారణకు ఇంకో పరీక్ష ఉంది. ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేకు వేసి ఇంజను స్టార్టు చేయండి. క్లచ్ చివరిదాకా తొక్కి ఐదు సెకన్లు ఆగి రివర్సు వేయండి. గేరు పళ్లు కలిసే ముందు వాటి వేగాలను సమం చేసే సింక్రో రింగు చాలా కార్లలో రివర్సుకు ఉండదు. లోపలి షాఫ్టు ఇంకా తిరుగుతుంటే పళ్లు ‘కర్‌ర్‌ర్’ మని గోల పెడతాయి. ఆ చప్పుడు వచ్చిందంటే క్లచ్ వదలడం లేదన్నమాట.

ఇక కారణాలు. అన్నిటికంటే ముందు మ్యాటు చూడండి. ఒకదాని మీద ఒకటి మూడు మ్యాట్లు పరిచిన కార్లలో పెడల్ చివరిదాకా వెళ్లకపోవడం నేను చాలాసార్లు చూశాను. దీనికి పైసా ఖర్చు లేదు.

మారుతి 800 లాంటి కార్లలో పెడల్ నుంచి క్లచ్ దాకా కేబుల్ ఉంటుంది. కేబుల్ వదులైతే పెడల్ ఎంత తొక్కినా బేరింగు తగినంత జరగదు. పెడల్‌ను వేలితో నొక్కి చూడండి, బరువు తగిలే ముందు కాస్త ఖాళీ ఆట ఉంటుంది. అది ఎన్ని మిల్లీమీటర్లుండాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అంతకంటే ఎక్కువుంటే కేబుల్ చివర ఉన్న నట్టుతో సరిచేయవచ్చు. పెడల్ రోజురోజుకూ బరువెక్కుతుంటే మాత్రం కేబుల్ లోపల పోగులు తెగుతున్నాయేమో చూడాలి. తెగేదాకా ఆగకుండా మార్చేయండి.

కేబుల్ బదులు బ్రేక్ ఆయిలు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కార్లలో కథ వేరు. రెండేళ్ల కిందట వానాకాలంలో మా కారు సరిగ్గా ఇలాగే ఇబ్బంది పెట్టింది. పొద్దున్నే ఫస్టు గేరు పడేది కాదు, పెడల్‌ను గబగబా మూడు నాలుగు సార్లు తొక్కితే పడేది. ఒక షెడ్డులో క్లచ్ సెట్టు మార్చాలన్నారు. ఇంటికొచ్చి మ్యాటు తీసి, పెడళ్ల కిందికి తల దూర్చి ఫోను లైటు వేసి చూశాను. పెడల్ నుంచి ఇంజను వైపు వెళ్లే సన్నటి రాడ్డు మీద రబ్బరు తొడుగు ఉంటుంది. దాని అంచు తడిగా మెరుస్తోంది. వేలు పెడితే జిడ్డుగా జారింది. కింద కార్పెట్టు మీద రూపాయి బిళ్లంత నల్లటి మరక. అది బ్రేక్ ఆయిలు. పెడల్ తొక్కితే ఆయిలును గొట్టంలోకి నెట్టే మాస్టర్ సిలిండరు సీలు పోయి కొద్దికొద్దిగా కారుతోంది. సిలిండరు మార్చి, గొట్టాల్లో గాలి తీయించాక ఆ క్లచ్ ప్లేటుతోనే కారు ఇప్పటికీ తిరుగుతోంది.

అందుకే ఈ గుర్తు మరిచిపోవద్దు: పదేపదే తొక్కితే గేరు పడుతోందంటే ప్లేటును అనుమానించే ముందు ఆయిలు చూడాలి. లోపల పెడల్ దగ్గర మాస్టర్ సిలిండరు, బయట గేర్‌బాక్సు దగ్గర ఆ ఒత్తిడితో బేరింగును జరిపే స్లేవ్ సిలిండరు, ఈ రెండు చోట్లా తడి ఉందేమో వెతకండి. కొన్ని కార్లలో స్లేవ్ సిలిండరు గేర్‌బాక్సు లోపలే ఉంటుంది, అది కారితే గేర్‌బాక్సు దించక తప్పదు.

చాలా కార్లలో బ్రేకులకూ క్లచ్‌కూ ఆయిలు డబ్బా ఒక్కటే. క్లచ్ గొట్టం సాధారణంగా డబ్బాకు కాస్త పైభాగంలో ఉంటుంది, మట్టం తగ్గితే ముందు క్లచ్ మొరాయిస్తుంది. దాన్ని హెచ్చరికగా తీసుకోండి, తర్వాతి వంతు బ్రేకులది. మూత మీద బ్రేక్ ఆయిలు రకం డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే పోయాలి. ఇంజను ఆయిలు చుక్క కూడా పడకూడదు. రబ్బరు సీళ్లు ఉబ్బిపోయి బ్రేకులు దెబ్బతింటాయి, ప్రాణాల మీదకు వస్తుంది.

ఇంజను అరుస్తోంది, బండి లాగడం లేదు

ఇది క్లచ్ జారడం. మొదట పెద్ద గేరులో, ఎత్తు మీద బయటపడుతుంది. నలుగురిని ఎక్కించుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడో, ఓవర్‌టేక్ చేయబోయి యాక్సిలరేటరు నొక్కినప్పుడో ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, వేగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దాంతో పాటు కాలిన వాసన.

పరీక్ష ఇలా చేయాలి. చదునైన ఖాళీ చోట, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు బిగించి కుడికాలు బ్రేకు మీద ఉంచండి. మూడో గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే మిగిలిన ప్లేటూ మాడిపోతుంది.

కేబుల్ కారైతే ముందు ఖాళీ ఆట చూడండి. వదులైతే గేరు పడనివ్వని ఆ కేబులే, మరీ బిగిస్తే ప్లేటును జారేలా చేస్తుంది. అది సరిగ్గానే ఉంటే ప్లేటు అరిగింది, లేదా సీలు కారి దాని మీద ఆయిలు పడింది. రెండింటికీ గేర్‌బాక్సు దించాల్సిందే. దించినప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చండి. బేరింగు బాగానే ఉందని వదిలేస్తే, ఆరు నెలల తర్వాత అది అరవడం మొదలుపెడితే, అదే కూలీ మళ్లీ ఇవ్వాలి. ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, గాట్లు ఉన్నాయేమో మీ కళ్లతో చూడండి. ఇంజను వెనక ఆయిలు సీలు తడిగా ఉంటే అప్పుడే మార్పించండి, లేకపోతే కొత్త ప్లేటూ తడుస్తుంది.

చప్పుళ్లు, కుదుపులు

పెడల్ తొక్కినప్పుడే వచ్చే చప్పుడు రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో కాలు తీసి ఉన్నప్పుడు వస్తూ, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగును అనుమానించాలి.

బండి కదిలేటప్పుడు వణుకుతుంటే ప్లేటు మీద ఆయిలు పడి ఉండవచ్చు. కానీ ముందు ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు, అంటే ఇంజను మౌంటింగులు చూడండి. వాటి రబ్బరు చచ్చిపోయినా ఇదే కుదుపు వస్తుంది, ఖర్చు చాలా తక్కువ.

ఒక్క గేరు మాత్రమే ఇబ్బంది పెడుతుంటే

సెకండు గేరు ఒక్కటే కరకరలాడుతూ మిగతావన్నీ బాగుంటే క్లచ్ జోలికి పోనక్కర్లేదు. ఆ గేరు సింక్రో రింగు అరిగింది. పడిన గేరు దానంతటదే బయటికి వచ్చేస్తుంటే లింకులు, మౌంటింగులు చూసి, తర్వాత లోపల చూడాలి. చల్లగా ఉన్న పొద్దుటిపూట మాత్రమే గట్టిగా పడి, నాలుగు కిలోమీటర్లకు సర్దుకుంటే గేర్ ఆయిలు పాతబడి ఉంటుంది, లేదా తప్పు రకం పోసి ఉంటారు. పుస్తకంలో గేర్ ఆయిలు రకం జీఎల్-4 అని ఉంటే జీఎల్-5 పోయనివ్వకండి. దానిలో ఎక్కువగా కలిపే రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు పడకపోవచ్చు.

దారి మధ్యలో క్లచ్ కేబుల్ తెగితే

ఖాళీ రోడ్డయితే ఇంజను ఆపి, ఫస్టు గేరు వేసి, క్లచ్ పెడల్ తొక్కి తాళం తిప్పండి. కారు కుదుపుతో కదులుతుంది, కాబట్టి ముందు ఎవరూ ఉండకూడదు. అదే గేరులో మెల్లగా దగ్గరలోని షెడ్డు దాకా వెళ్లవచ్చు. ఆపాలంటే బ్రేకు తొక్కి ఇంజను ఆపేయాలి. ట్రాఫిక్‌లోనో ఘాట్ రోడ్డులోనో అయితే ఈ ప్రయత్నం వద్దు. పక్కకు తోయించి, లాగే బండిని పిలిపించండి.